ఆ కంచంలోనే తింటున్నాను

ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర
ప్రసూతి ఆసుపత్రి, రెండో అంతస్తు,
మూలగది పక్క బెంచీ

పూజ్యులైన బావగారికి,

సబ్బుతో శుభ్రంగా కడుక్కున్న రెండు చేతులూ జోడించి మీ వియ్యంకుడు పెట్టే నమస్కారాలు. చెల్లెమ్మకి కూడా. ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే కిందటి ఆదివారం కన్నా ఒకరం ఎక్కువ.

మీకు మనవరాలు పుట్టింది బావగారూ!

చింపేద్దామనుకునేవాళ్ళు కూడా మొదటి నాలుగు లైన్లయినా చదివాకే చింపుతారు కాబట్టి అసలు మాట ముందే రాసేశాను. ఇక చింపినా నాకు బెంగలేదు.

గురువారం పొద్దున పదకొండు గంటల ఇరవైరెండు నిమిషాలకు పుట్టింది. మీరు బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు టైమ్ కీపరుగా చేసినవారు. 'పదకొండున్నర ప్రాంతంలో' అని రాస్తే మీకు ఆ పూట అన్నం సహించదని, ముందు గోడ గడియారం చూసి, తర్వాత నర్సు చేతి గడియారం చూసి, రెండూ ఒకటే చెప్పాకే రాస్తున్నాను. బరువు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. వేళ్ళు పొడుగు. ముక్కు ఇంకా ఎవరిదీ కాదు, మెల్లిగా తేలుతుంది. గొంతు మాత్రం అచ్చం చెల్లెమ్మదే. మొదటి కేక పెట్టగానే కారిడార్లో స్ట్రెచరు తోసుకుపోతున్న మనిషి ఆగిపోయి, లోపల ఎవర్నో తిడుతున్నారనుకున్నాడట. నేను నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. డెబ్భై ఒకటో ఏట ఇంత సంతోషం తట్టుకునే గుండె మనిషికి ఉంటుందని నాకు తెలీదు. మా ఆవిడ నా చొక్కా పట్టుకు లాగి, కాస్త కూర్చోండి, మిమ్మల్ని కూడా చేర్చుకోమనడానికి ఇక్కడ మగవాళ్ళకి మంచాలు లేవు అంది.

గురువారం పుట్టిన పిల్ల సంగతి ఆదివారం దాకా ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. పిల్ల రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని మీ అబ్బాయి చేత నేనే మాట తీసుకున్నాను. అది నిన్న సాయంత్రం వచ్చింది. రాగానే మీకు ఫోను చేశాను. మూడుసార్లు చేశాను. మొదటిసారి చెల్లెమ్మ ఎత్తి, నా గొంతు విని పెట్టేసింది. రెండోసారి ఎత్తి, గొంతు కూడా వినకుండా పెట్టేసింది. మూడోసారి ఎత్తకుండానే పెట్టేసింది. అదెలా చేసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఫోను పెట్టేయొచ్చు గానీ ఉత్తరాన్ని ఎక్కడ పెట్టేస్తారు? అందుకని రాస్తున్నాను, సాయంత్రంలోగా మీ గేటులో వేయిస్తాను. ఇది మందుల కంపెనీ వాళ్ళు నేను పనిచేసే మందుల షాపుకి ఇచ్చిన ప్యాడు. ప్రతి కాగితం కింద బలం మందు సీసా బొమ్మ ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు, అక్షరాలు కొంచెం అటూ ఇటూ నడుస్తాయి, వాటినీ పట్టించుకోవద్దు.

మంచిరోజు పాత గొడవలు తవ్వకండి అని మా ఆవిడ ఇప్పుడే రెండోసారి వచ్చి చెప్పి వెళ్ళింది. తవ్వుతాను. సంతోషం వస్తే నాకు నోరు ఆగదు, కోపం వస్తే అసలే ఆగదు, రెండూ కలిసి వచ్చినప్పుడు ఆపడం మా ఆవిడ తరం కాదు.

ముందు నుంచీ చెప్తాను. మా అమ్మాయిని పంపించేసిన రోజు మీరు ఇంట్లోనే ఉన్నారు గానీ గదిలోంచి బయటికి రాలేదు. కనక మీకు తెలిసింది సగం.

మా అమ్మాయికి ఐదో నెలలో ఒకసారి మూత్రంలో మంట వచ్చింది, మందులు వాడింది, తగ్గింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని డాక్టరమ్మ ఎనిమిదో నెలలో మళ్ళీ పరీక్ష రాసింది. కాగితం వచ్చింది. దాంట్లో ఏముందంటే, అమ్మాయి ఒంట్లో సూక్ష్మజీవులున్నాయి, అవి మామూలు మందులకి లొంగే రకం కాదు అని. కాగితం నిండా వరసగా పద్నాలుగు మందుల పేర్లు. ఆ పేర్లన్నీ నాకు నా బిడ్డల పేర్లంత తెలుసు. నలభై ఏళ్ళుగా మా షాపు అరల్లో నేను సర్దినవే, నా కత్తెరతో కత్తిరించి ఇచ్చినవే. ఎవరికి ఎన్ని మాత్రలు కావాలంటే షీటులోంచి అన్నీ కత్తిరించి ఇస్తానని వీధిలో పిల్లా పెద్దా నన్ను కత్తెర తాత అంటారు కదా. మీరు కూడా మొదటిసారి కలిసినప్పుడు ఓహో కత్తెరగారంటే మీరేనా అన్నారు, నేను పొంగిపోయాను. ఆ పద్నాలుగు పేర్లలో పదకొండింటి ఎదురుగా లొంగదు అని ఉంది. మూడింటి ఎదురుగా మాత్రం లొంగుతుంది అని ఉంది.

మీ అబ్బాయి పాపం ఉన్నదున్నట్టు ఇంట్లో చదివి వినిపించాడు. అదే వాడు చేసిన తప్పు. ఇక చెల్లెమ్మ ఏమందో మీకు గుర్తు చెయ్యక్కర్లేదు గానీ రాస్తే నాకు గుండెబరువు తగ్గుతుంది. మా ఇంట్లో ఎవరికీ లేని పురుగు దీనికెక్కణ్ణుంచి పట్టింది, పుట్టింటి మురికి మోసుకొచ్చి మా నెత్తిన పెట్టింది, పుట్టబోయే బిడ్డకి కూడా అంటించి మా వంశాన్ని ఏం చేద్దామని అంది. మా అమ్మాయి ఎదురుగానే అంది. ఎనిమిదో నెల కడుపుతో నిలబడి ఉన్న మనిషి ఎదురుగా.

ఆ మధ్యాహ్నం మూడింటికి మా గుమ్మం ముందు ఆటో ఆగింది. అమ్మాయి దిగింది. మీ అబ్బాయి ఒక పెట్టె దించాడు, తలగడ దించాడు, గుడ్డసంచి ఒకటి దించాడు. గడపలోకి రాకుండా చెప్పుల వైపు చూస్తూ, కొన్నాళ్ళు ఇక్కడ ఉంటుంది మావయ్యగారూ అన్నాడు. ఆ సంచి నేను విప్పాను. దాంట్లో ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా. పెళ్ళయిన దగ్గర్నుంచి మీ ఇంట్లో ఆమె తిన్నవి. ఇంకెవరూ పొరపాటున వాటిలో తినకుండా, మనిషితో పాటు వాటినీ పంపించారు.

నేను ఎన్నో మాటలు పడ్డవాణ్ణి బావగారూ. కౌంటరు వెనక నలభై ఏళ్ళు నిలబడ్డవాడికి తోలు మందమవుతుంది. కానీ ఆ కంచం పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. అమ్మాయి మాత్రం ఏడవలేదు. కంచం తీసుకెళ్ళి అలమారలో కింద అరలో, మిగతా వాటికి దూరంగా పెట్టుకుంది. తనే పెట్టుకుంది. అది చూశాక ఊరుకోలేకపోయాను. రాత్రి భోజనానికి కూర్చుని ఆ కంచం నా ముందు వేసుకున్నాను. మా ఆవిడ కంచం లాక్కోబోయి, మీకేమన్నా పిచ్చా, రేపు డాక్టరమ్మని అడిగి అప్పుడు వెయ్యండి ఈ వేషాలు అంది. అడుగుతాను, ముందు తింటాను అన్నాను. తిన్నాను. ఇవాళ్టికి ముప్పై తొమ్మిది రోజులు, అందులోనే తింటున్నాను. పిల్లకి నా కంచం ఇచ్చాను. నా కంచానికి సొట్ట ఉంది, పులుసు ఒక పక్కకి పోతుంది, అదొక్కటే ఆమెకి కష్టం.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు, మాట్లాడితే బస్సు దాటిపోతుందన్నట్టు మాట్లాడుతుంది. ఇది జబ్బా అమ్మా అని అడిగాను. ఇప్పటికైతే జబ్బు కాదు పెద్దాయనా అంది. మనందరి కడుపుల్లోనూ కోటానుకోట్ల సూక్ష్మజీవులు అద్దెకుంటాయట. మీ అమ్మాయి ఇంట్లో కొందరు మొండి అద్దెవాళ్ళు చేరారు, గొడవ చెయ్యనన్నాళ్ళు వాళ్ళున్న సంగతే తెలీదు, గొడవ చేస్తే మాత్రం మామూలు పోలీసుల మాట వినరు, అంతే తేడా అంది. ఇది మురికివాళ్ళకే వస్తుందా అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూసి, ఈ మాట ఎవరన్నారు, వాళ్ళని పరీక్షకి పంపండి, వాళ్ళ దగ్గర దొరికినా నేను ఆశ్చర్యపోను అంది. పరీక్ష చెయ్యనంత కాలం అందరూ శుభ్రమైనవాళ్ళేనట. మా అమ్మాయి చేసిన నేరమల్లా పరీక్ష చేయించుకోవడం. మరి కంచం అని అడిగాను. వేరే కంచం అక్కర్లేదు, వేరే సబ్బు కూడా అక్కర్లేదు, ఉన్న సబ్బు అందరూ వాడితే చాలు, దొడ్డికి వెళ్ళొచ్చాకా అన్నానికి ముందూ అంది.

ఆఖర్న ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఈ అమ్మాయి ఇదివరకు ఏయే యాంటీబయాటిక్కులు వాడింది, ఎన్నెన్ని రోజులు వాడింది, మీరు మందుల షాపువారేగా, చెప్పండి అంది. నాకు గుర్తులేదు అన్నాను.

అక్కణ్ణుంచి తిన్నగా మీ ఇంటికే వచ్చాను. మీ గేటు దగ్గర నిలబడి, ఈ పురుగు మా ఇంటిది కాదు, మా ఇంట్లో నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు, మీ ఇంట్లోనే పట్టి ఉంటుంది, వెతుక్కోండి అని అరిచాను. మీ పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు. మీ కిటికీ మాత్రం మూసుకుంది. ఆ అరుపుకి ఇప్పటికీ సిగ్గుపడను. కానీ ఆ అరుపులో ఒక ముక్క సరిచెయ్యాలి. దాని సంగతి తర్వాత.

ఇక మీ అబ్బాయి. బావగారూ, వాడు నెలరోజులుగా ఓవర్‌టైము చేస్తున్నాడని చెల్లెమ్మ అందరికీ చెప్పుకుంటోందట. నిజమే, చేస్తున్నాడు. మా ఇంట్లో. వచ్చిన మూడోరోజే గడప దాటి లోపలికొచ్చి, మావయ్యగారూ ఆ కంచం ఏదీ అన్నాడు. నేను అందులో తింటున్నాను, ఖాళీ లేదు అన్నాను. కడిగివ్వండి, నేనూ తింటాను అన్నాడు. ఆ రోజు నుంచి ఒక కంచానికి ఇద్దరం వంతులేసుకుంటున్నాం. ముందు నేను, తర్వాత అల్లుడుగారు. ఒక్కోసారి ఆకలెక్కువైతే వరస మారుతోంది. మీరు వాణ్ణి తిట్టాలనుకుంటే తిట్టండి. అబద్ధం ఆడాడు, నిజమే. కానీ సంతకం పెట్టి వెళ్ళాల్సినచోట వాడు రోజూ ఠంచనుగా హాజరయ్యాడు. టైమ్ కీపరు కొడుకనిపించుకున్నాడు.

ఇప్పుడు గురువారం సంగతి. తెల్లవారి ఐదున్నరకి ఉమ్మనీరు పోయింది. ఆరూ పదికి ఆసుపత్రిలో ఉన్నాం. అమ్మాయిని ఈ మూలగదిలో ఒంటరిగా పెట్టారు, తలుపుకి పసుప్పచ్చ అట్ట తగిలించారు, లోపలికి వెళ్ళేవాళ్ళు పైన అంగీ తొడుక్కుని చేతులకి గ్లవుసులు వేసుకోవాలి. ఆ అట్ట చూసి ఒక ఆయమ్మ నేను లోపలికి పోను తల్లీ, నాకూ పిల్లలున్నారు అని గుమ్మంలో ఆగిపోయింది. పెద్దనర్సు ఆవిడ చేతిలో బకెట్టు లాక్కుని, నీ పిల్లల్ని కన్నప్పుడు నీ పక్కన ఎవరూ నిలబడకపోతే ఏమయ్యుండేది, అట్ట చదవడం వచ్చుగా, దాని కింద సబ్బు సీసా ఉంది, అది చదువు అంది. ఆయమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. తర్వాత మా అమ్మాయి వీపు నిమిరింది ఆవిడే.

ఎనిమిదింటికి జ్వరం మొదలైంది. నూట రెండు. అమ్మాయి వణుకుతోంది. నేను తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. నలభై ఏళ్ళు మందులమ్మినవాణ్ణి, ఒక్క మందు పేరు కూడా నోటికి రావడం లేదు. అప్పుడు ఆ చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఒక్క క్షణం ఆలోచించలేదు. మా అమ్మాయి ఫైలు అట్ట మీద ఎర్రసిరాతో ముందే రాసిపెట్టి ఉంది, ఈమెకి జ్వరం వస్తే ఇది, ఇదే, ఇంకేదీ కాదు అని. ఆ పద్నాలుగు పేర్లలో లొంగుతుంది అని ఉన్న మూడింట్లో ఒకటి. పావుగంటలో సెలైనులోకి ఎక్కింది. పదకొండూ ఇరవైరెండుకి మీ మనవరాలు కేక పెట్టింది.

పుట్టగానే దాన్ని పక్క అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు. తల్లికి జ్వరం కనక బిడ్డకీ అదే మందు మొదలెట్టి, రక్తం తీసి పరీక్షకి పంపారు. గురువారం, శుక్రవారం, శనివారం. ఆ మూడు రోజులూ నేను ఈ బెంచీ మీదే ఉన్నాను. చేతులెన్నిసార్లు కడిగానో లెక్కలేదు. గీతలు అరిగిపోయాయి, ఇక నా జాతకం ఎవరూ చెప్పలేరు. అవతల వార్డులో కోడలి కోసం వచ్చిన ఒక పెద్దావిడ, మూలగదిలో అంటురోగం పిల్లట, జాగ్రత్త అని వచ్చేపోయేవాళ్ళకి చెప్తోంది. మా ఆవిడ ఇంటి నుంచి క్యారియరు తెచ్చినప్పుడు నేను ఆ కంచం తీసి, సరిగ్గా ఆవిడ ఎదురుగా కూర్చుని, ఇది ఆ మూలగది పిల్ల కంచమేనండీ అని చెప్పి మరీ తిన్నాను. ఆవిడ కాసేపు చూసి, భయం లేదా నీకు అంది. భయం ఉందమ్మా, సబ్బు కూడా ఉంది అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది. నిన్న వచ్చి నా పక్కనే కూర్చుని, తన కోడలికి కూడా ఆ పరీక్ష చేశారా లేదా అని నన్నే అడిగింది. నాకేం తెలుసు, డాక్టరమ్మని అడగండి అన్నాను. వెళ్ళి అడిగింది.

నిన్న సాయంత్రం ఐదింటికి కాగితం వచ్చింది. పిల్ల రక్తంలో ఏమీ లేదు. శుభ్రం. పిల్లని తల్లి పక్కలోకి తెచ్చిచ్చి, డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మా దగ్గర కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని మనిషి. ఆ మొదటి కాగితం లేకపోతే మేము అందరికీ ఎక్కించే మందే ఎక్కించేవాళ్ళం, అది పనిచెయ్యట్లేదని తెలుసుకోవడానికి రెండ్రోజులు పట్టేది, పుట్టిన పిల్లకి ఆ రెండ్రోజులు ఉండేవో లేవో అంది.

మళ్ళీ చదవండి బావగారూ. చెల్లెమ్మకి వినబడేలా గట్టిగా చదవండి. ఏ కాగితాన్ని చూసి మా పిల్లని ఆటో ఎక్కించారో, ఆ కాగితమే మీ వంశాన్ని నిలబెట్టింది. దాన్ని నేను పటం కట్టించి గోడకి తగిలిద్దామనుకుంటున్నాను. మా ఆవిడ అందులో మూత్రం అని రాసి ఉంది, హాల్లో వద్దు అంటోంది.

రేపు సోమవారం పదింటికి డిశ్చార్జి. మా ఇంట్లో ముందుగది సిద్ధంగా ఉంది. సున్నం వేయించాను, దోమతెర కొన్నాను, కుళాయి దగ్గర కొత్త సబ్బు పెట్టాను. నేనైతే మా ఇంటికే రమ్మన్నాను. అమ్మాయి ఏమందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను, ఒక్క అక్షరం నాది కాదు. నా కంచం మిగతా కంచాల్లో కలిపి కడిగే ఇంటికి వెళ్తాను నాన్నా, అది మీ ఇల్లయినా సరే, వాళ్ళ ఇల్లయినా సరే అంది. మీ అబ్బాయిని అడిగితే, ఆ ఇల్లు ఏదైతే నా ఇల్లూ అదే అన్నాడు. కాబట్టి నేను మిమ్మల్ని బతిమాలడం లేదు. బతిమాలే పని ముప్పై తొమ్మిది రోజుల కిందటే మానేశాను. రేపు పదింటికి రండి. వస్తే గుమ్మంలోంచి చూసి పోవడం కాదు, లోపలికి వచ్చి కూర్చోవాలి, ఆ కంచంలో మీరు ఒక ముద్ద తినాలి, చెల్లెమ్మ ఒక ముద్ద తినాలి. ఆ తర్వాత పిల్ల ఏ ఇంటికి వెళ్ళాలో దాని అమ్మ చెప్తుంది. రాకపోతే కంచం మా దగ్గరే ఉంటుంది, పిల్లా మా దగ్గరే పెరుగుతుంది, దాని గొంతు మాత్రం మూడు వీధులు దాటి మీ ఇంటి దాకా వినబడుతుంది. అది నా పూచీ.

టైమ్ కీపరుగారు లేటు చెయ్యరని నమ్ముతూ,

మీ మనవరాలి ఇద్దరు తాతల్లో
ముందొచ్చిన తాత

తా.క.: పైన సంతకం పెట్టేసి, కవరు కోసం లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఒక ముక్క సరిచెయ్యాలన్నాను కదా. ఆ పని చెయ్యకుండా అంటిస్తే ఈ ఉత్తరం మొత్తం అబద్ధమవుతుంది.

ఆ పురుగు మా ఇంటిదే కావచ్చు బావగారూ. నా చేతిది కావచ్చు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకి నాకు గుర్తులేదన్నాను. నాకు అన్నీ గుర్తే. ఐదో నెలలో మంట వచ్చినప్పుడు డాక్టరు రాసింది రోజుకి రెండు చొప్పున ఏడు రోజులకి పద్నాలుగు మాత్రలు. మూడోరోజుకి తగ్గింది. అమ్మాయి షాపుకొచ్చి, ఇంకా మింగాలా నాన్నా అని అడిగింది. తగ్గిందిగా, కడుపులో బిడ్డకెందుకమ్మా ఇన్ని మందుల వేడి అని నేనే చెప్పాను. మిగిలిన ఎనిమిదీ తీసుకుని డబ్బాలో వేసుకున్నాను. ప్రేమతోనే చేశాను. అది పుట్టినప్పటి నుంచీ అంతే. జ్వరమొస్తే రెండు, దగ్గొస్తే మూడు, తగ్గగానే ఆపు. డాక్టర్ల దగ్గరికి పోనివ్వకుండా నా కత్తెరతోనే పెంచాను, అదో గొప్పగా చెప్పుకున్నాను.

ఆ ఎనిమిదీ ఏమయ్యాయో కూడా గుర్తుంది. నాలుగు మర్నాడు ఒక మేస్త్రీకి పంటినొప్పికి ఇచ్చాను. నాలుగు చెల్లెమ్మ గొంతునొప్పికి మీరే వచ్చి పట్టుకెళ్ళారు. డాక్టరు చీటీ అడగలేదు, బావగారే కదా అని.

నిన్న పిల్ల కాగితం శుభ్రమని చెప్పి డాక్టరమ్మ లేవబోతుంటే ఇదంతా చెప్పేశాను. మా అమ్మాయి, మీ అబ్బాయి, మా ఆవిడ, అందరూ ఉండగానే చెప్పాను. డాక్టరమ్మ మళ్ళీ కూర్చుంది. తర్వాత, సగంలో ఆపిన మందుకి చావని పురుగులే ఇలా మొండికెత్తుతాయి, అయినా ఇది మీ ఒక్క కత్తెర పని అని నేను చెప్పలేను, అక్కర్లేనిచోట మందు రాసిన మా చేతులూ ఉన్నాయి, ఊళ్ళో కత్తెరలు చాలా ఉన్నాయి, కానీ మీది కూడా ఉంది పెద్దాయనా అంది. మీ అబ్బాయి లేచాడు. కారిడార్లోకి వెళ్ళి కాసేపు నిలబడి, వచ్చేటప్పుడు నాకో టీ తెచ్చాడు.

కత్తెర మా ఆవిడకి ఇచ్చేశాను, పిల్లకి పాత చీరలు కత్తిరించుకోమని. ఇవాళ పొద్దున్నే షాపు ఓనరుకి ఫోను చేసి చెప్పాను, ఇకనుంచి ఆ మందులు చీటీ లేకుండా ఇవ్వను, చీటీ ఉంటే సగం ఇవ్వను అని. జనం పక్క షాపుకి పోతారయ్యా అన్నాడు. పోనివ్వండి, మధ్యాహ్నం పూట వెళ్ళి ఆ షాపు ముందు కూడా నిలబడతాను అన్నాను. నలభై ఏళ్ళు కత్తిరించినవాణ్ణి, మిగిలిన నాలుగేళ్ళూ కత్తిరించకుండా ఉండలేనా?

మా అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. అంతా విన్నాక అది గోడ వైపు తిరిగి పడుకుంది. నేను బెంచీ మీదికి వచ్చేద్దామని లేచాను. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది. నాన్నా, చేతులు కడుక్కున్నావా అంది. కడుక్కున్నానమ్మా అన్నాను. అయితే పట్టుకో, నా చేతులు లాగుతున్నాయి అని పిల్లని తీసి నా చేతుల్లో పెట్టింది.

నా చేతుల్లోనే పెట్టింది బావగారూ. మీరు చేసింది నేను చేసినదానికన్నా చిన్నదే. చేతులు కడుక్కుని రండి.